మాటల్లేని ఇళ్ళలో నూనె డబ్బాలు

ఆహార సరఫరా కార్యాలయం,
కిటికీ లేని గది.

అమ్మమ్మా,

ఫోన్లో అయితే ఊఁ కొడుతూ వేరే పని చేసుకుంటానని, ఏదైనా ఉత్తరమే రాయమని నువ్వు పెట్టిన నియమం ప్రకారం రాస్తున్నాను. ఓడిపోయాను. ముందే చెప్పేస్తే నీకు చదవడం తేలిక.

మొన్నటి జబ్బు కాలం గుర్తుంది కదా. ఊరి చివర గోడౌన్ నిండుగానే ఉంది. వంతెన మూసేశారు, లారీ డ్రైవర్లు జ్వరాలతో పడుకున్నారు. అటు బియ్యం, ఇటు ఆకలి, మధ్యలో వంతెన. అందుకే నేను మొత్తుకునేది, సరుకంతా ఒక్కచోట కొండలా పొయ్యకండి, వీధివీధినా కొంచెం కొంచెం ఉంచండి అని. మా పై అధికారి మాత్రం ఆ గోడౌన్ పక్కనే దానికి నాలుగింతలది కట్టాలంటారు. ఆఫీసులో అందరూ ఆయన్ని గోడౌన్ గారనే అంటారు. ఆయనకీ తెలుసు, ఇష్టం కూడాను.

వానలు వెనకబట్టాక కమిటీ కూర్చుని రెండు పథకాల్లో ఒకదాన్ని ఖాయం చేస్తుంది. రెండోది చెత్తబుట్టలోకి. "ఒక్క వీధి చూపించండి. కొట్ల మొహం చూడకుండా వారం రోజులు తిని చూపించాలి" అన్నారు అధ్యక్షురాలు.

మా వీధిలోనే మొదలుపెట్టాను. ఏమేం నిలవ చేసుకోవాలో అచ్చు వేయించి ఇంటింటికీ పంచాను. పైన బియ్యం, తరవాత పిండి, పప్పు, అలా దిగుతూ దిగుతూ అడుగున నూనె, ఉప్పు, సబ్బు. జనం పైనుంచి కొనుక్కుంటూ వచ్చారు. అల్మారా నిండగానే ఆగిపోయారు. ఏ తలుపు కొట్టినా బియ్యమే. ఉప్పు ఒకే ఒక ఇంట్లో ఉంది. ఆ ఇంటివాళ్ళు తాళం పెట్టి పెళ్ళికి వెళ్ళారు.

గోడౌన్ గారు వచ్చి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. "ఉప్పూ కారం లేని పథకం అని ఊరికే అనేవాణ్ణి" అన్నారు. మర్నాడు నేనే దగ్గరుండి కొట్టు తెరిపించాను.

ఇంకొక్క అవకాశం ఇచ్చారు. కానీ ఏ వీధీ ఒప్పుకోవడం లేదు. పాలవాడు కూడా నన్ను చూసి "ఉప్పు దొరికిందా మేడమ్" అంటున్నాడు.

నీ ఉడుత


మూడో అంతస్తు, వీధి వైపు బాల్కనీ.

ఉడుతకు,

దిండు గలీబులో బిస్కెట్లు దాచి, చీమలు పట్టాక ఏడ్చినందుకు నీకు ఆ పేరు పెట్టాను. ఇంత వయసొచ్చినా దాచడమే గాని ఎక్కడ దాచాలో తెలియలేదన్నమాట.

అందరికీ ఒకే కాగితం పంచావు. తరగతిలో అందరికీ ఒకే జవాబు చెప్పి పరీక్ష పెట్టినట్టుంది. తప్పయితే అందరూ కలిసికట్టుగా తప్పుతారు. ఆ మాత్రం చెప్పడానికి నేను లెక్కల లెక్చరరుగా రిటైరవ్వాల్సిన పనిలేదు, ఏ కూరగాయలావిడైనా చెబుతుంది.

అన్ని ఇళ్ళలోనూ అన్నీ ఉండాలని ఎవరన్నారు? అలా ఉంటే ఎవరి తలుపు వాళ్ళు వేసుకుని కూర్చుంటారు. నీ ఇంట్లో లేనిది నా ఇంట్లో ఉంటేనే నీకు నా మొహం చూడాలనిపిస్తుంది. ఇంటికొక్కటి ఇవ్వు. ఒక ఇల్లు ఉప్పు, ఒక ఇల్లు నూనె, ఒక ఇల్లు పప్పు. ఆ ఒక్కటీ మాత్రం వీధికంతా సరిపడా ఉండాలి. ఒక్కటే గనక ఎవరూ మరిచిపోరు, మరిచిపోతే ఎవరి వంతో వీధికంతా తెలుస్తుంది. సిగ్గు మంచి తాళం.

ఇక వీధి సంగతి. మాది ఉంది కదా. ఎదురెదురుగా రెండు మేడలు, మధ్యలో ఆటో పట్టేంత సందు. కింద దర్జీ గారి దుకాణంలో బట్ట కత్తిరించే బల్ల పొడుగ్గా ఉంటుంది, వంటా వడ్డనా అక్కడే పెట్టొచ్చు. ఆయన్ని అడిగాను. "వారం రోజులు కత్తెర పక్కన పెడితే నా చేతులు ఏం కావాలమ్మా?" అన్నాడు. ఉల్లిపాయలు తరగండి అన్నాను. ఒప్పుకున్నాడు.

కమిటీకి రాసెయ్యి. జనం ఒప్పుకోకపోతే అన్న మాట రాయకు. ఒప్పించడం నా పని.

మీ అమ్మమ్మ


కిటికీ లేని గది.

అమ్మమ్మా,

రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది నాకు. మీ వీధికి కమిటీ సరేనంది. కానీ గోడౌన్ గారు ఒక ప్రశ్న వేశారు.

"మనం మాట్లాడుతున్నది అంటురోగం సంగతి కదమ్మా. నూనె ఇంట్లోనే రోగం వస్తే? ఆ తలుపు మూసేస్తారు. వీధంతా ఎండు పెనం పెట్టుకుని కూర్చుంటుందా?"

ఆయన మీద కోపం వచ్చింది గాని ఆ ప్రశ్న మీద రాలేదు. నాకు తోచింది చెబుతాను. ప్రతి సరుకూ రెండేసి ఇళ్ళలో పెడదాం. బాగా స్నేహంగా ఉండే ఇళ్ళని జంటలుగా తీసుకుంటే పని సాఫీగా సాగుతుంది. ఏమంటావు?

ఉడుత


బాల్కనీ. (మబ్బు పట్టింది, బట్టలు తీసి వచ్చి రాస్తున్నాను.)

ఉడుతకు,

నీ గోడౌన్ గారు నేననుకున్నంత మొద్దు కాదు. రెండేసి ఇళ్ళు ఉండాల్సిందే. కానీ స్నేహితులని జంట చేస్తానన్నావు చూడు, అక్కడే నా పాఠం నీకు ఎక్కలేదని తెలిసింది.

రెండు ఇళ్ళూ ఒకేసారి చేజారకూడదంటే ఒకదానికీ రెండోదానికీ సంబంధం ఉండకూడదు. ఇద్దరు స్నేహితులకి ఉన్నంత సంబంధం ఇంక దేనికి ఉంటుంది? కలిసి టీ తాగుతారు, ఒకరి పిల్లలు ఇంకొకరి ఇంట్లో ముక్కు తుడుచుకుంటారు. పొద్దున ఈ ఇంట్లో దగ్గు, సాయంత్రం ఆ ఇంట్లో దగ్గు. రెండు తలుపులూ ఒకేసారి మూతపడతాయి. అదీగాక ఈ ఇంట్లో నూనె నిండుకుంటే ఆ ఇంటి డబ్బాలోంచి తెచ్చుకుంటారు. చివరికి రెండు డబ్బాలూ ఖాళీ, ఇద్దరూ నిండుగా ఉందనే చెబుతారు. స్నేహం కదా.

జగడం ఉన్న ఇళ్ళని తీసుకో. ఒకరి గాలి ఒకరికి సోకదు. పైగా పక్కవాడి డబ్బాలో ఎంత ఉందో శత్రువుకి తెలిసినట్టు ఏ ఇన్‌స్పెక్టరుకీ తెలియదు.

మా వీధికి ఆ విషయంలో ఏ లోటూ లేదు. నిన్న మెట్ల మీద అందరినీ కూర్చోబెట్టాను. వయొలిన్ మాస్టారికీ బస్సు డ్రైవరుకీ మాటల్లేవు. ఆయన పొద్దున సాధన చేస్తాడు, ఈయన రాత్రి డ్యూటీ చేసి పొద్దున పడుకుంటాడు. ఇద్దరికీ ఉప్పు ఇచ్చాను.

"ఆయన పెడితే నేను పెట్టనండి" అన్నాడు డ్రైవరు.

"ఆయన పెడుతున్నాడు గనకే మీరు పెట్టాలి."

"ఆయన రాళ్ళుప్పు తెస్తాడు చూడండి. పిసినారి."

"మీరు మెత్తటిది తెండి. వీధికి రెండూ ఉంటాయి."

కాసేపు గోడ గీరాడు. "ఆయన కంటే రెట్టింపు తెస్తాను."

"నేను వద్దన్నానా?"

ఇలా పప్పు, పిండి, ఉల్లిపాయలు, గుడ్లు, సబ్బు అన్నీ సర్దాను. ఒక జంట దగ్గర కొంచెం తడబడ్డాను. ఆ వదినా ఆడపడుచూ పోయిన నెల్లోనే కలిసిపోయారట, నాతో ఎవరూ చెప్పలేదు. వాళ్ళని విడదీసి చెరొక శత్రువుని వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

నాకు నూనె వచ్చింది.

మీ అమ్మమ్మ


కిటికీ లేని గది.

అమ్మమ్మా,

మీ వీధిలో కొట్లు మూసే రోజు దగ్గరపడింది. ఒక కబురు. వారం మధ్యలో అధ్యక్షురాలు స్వయంగా వచ్చి ఆ బల్ల దగ్గర భోంచేస్తారట. గోడౌన్ గారు కూడా వస్తారు. నేను వెంట వస్తాను. ఆ పూట విస్తరిలో అన్నీ సక్రమంగా పడితే మన పథకం, పడకపోతే పెద్ద గోడౌన్. ఆవిడే చెప్పారు, దాపరికం లేదు.

ఇంతకీ, "నాకు నూనె వచ్చింది" అని ఆపేశావు. రెండో నూనె ఇల్లు ఎవరిది? పోయిన ఉత్తరంలో అందరి జగడాలూ రాశావు, నీది తప్ప.

ఎదురింటి థర్మామీటరు కాదు కదా?

ఆవిడ పెద్ద నర్సుగా రిటైరైందని తప్ప నాకింకేం తెలియదు. చిన్నప్పుడు అడిగితే "ఆ పిల్లి నాది" అని మాత్రం అనేదానివి. ఎదురు బాల్కనీలోంచి ఆవిడ కూడా అదే మాట అనేది. నువ్వు దాన్ని సున్నా అనేదానివి, ఆవిడ దూది అనేది. అది రెండు పేర్లకీ పలికేది కాదు.

నిజం చెప్పు.

ఉడుత


మూడో అంతస్తు, మూసిన తలుపు వెనక.

ఉడుతకు,

ఈ ఉత్తరం నీకు వెచ్చగా అందితే కంగారుపడకు. ఎదురింటావిడ దీన్ని ఇస్త్రీ చేయించి గాని పంపనివ్వనంది. క్రిములు చావాలట.

అవును, థర్మామీటరే. నా సిద్ధాంతం అందరికీ వర్తించి నాకు మాత్రం వర్తించదంటే మెట్ల మీద నా పరువేం కాను? దర్జీ గారితో కబురు పంపాను, "నూనె పెట్టగలదేమో కనుక్కోండి" అని. "సరే" అన్న ఒక్క మాట తిరిగొచ్చింది. ఎంత పెట్టింది, అసలు పెట్టిందా, నాకు తెలియదు. నేను అడగను. ఆమె చెప్పదు.

అయినా ఫరవాలేదు, నా నూనె ఉంది కదా అనుకున్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నిన్న తెలిసింది. పొద్దున లేచేసరికి చెవుల కింద రెండు పక్కలా వాచింది. బాల్కనీలోకి వెళ్ళానో లేదో ఎదురు నుంచి కేక.

"లెక్కల మేడమ్, అటు తిరగండి. ఇటు తిరగండి. నోరు తెరవండి."

ఇన్నేళ్ళ తరవాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాటలు అవి. తెరవబోయాను. తెరుచుకోలేదు.

"గవదబిళ్ళలు. వయొలిన్ మాస్టారి దగ్గరికొచ్చే పిల్లల్లో ఎవరో అంటించి ఉంటారు. తలుపు వేసుకోండి. ఆ ఇంట్లోంచి పుల్ల కూడా బయటికి రాకూడదు."

ఈ వయసులో గవదబిళ్ళలు. మాట పెగలదు, మింగుడు పడదు. వీధిలో ఈ వార్త ఎంత త్వరగా పాకిందంటే, డ్రైవరు కిందనుంచి చెయ్యి ఊపి "ఏమైనా అనండి మేడమ్, ఏమైనా అనండి" అని నవ్వుతున్నాడు. చీటీ మీద రాసి కింద పడేశాను. చదువుకుని నవ్వు ఆపాడు.

నా డబ్బాలు నాతోపాటు ఖైదులో ఉన్నాయి. ఆమె చెప్పింది న్యాయమే గనక నేను ఒక్క సీసా కూడా ఇవ్వను. రేపు మీరు వస్తున్నారు. దర్జీ గారి బల్ల దగ్గర నూనె ఈ రాత్రికి సరిపోతుంది. తరవాత వీధంతా థర్మామీటరు చేతిలో ఉంది.

నా పాఠం తప్పయితే నువ్వు ఏడవకు. నాకు పెద్దగా అరవడానికి నోరు కూడా లేదు.

మీ అమ్మమ్మ


కార్యాలయం మెట్ల మీద. (లోపలికి వెళ్ళే ఓపిక లేదు.)

అమ్మమ్మా,

మధ్యాహ్నం నీ కిటికీ కిందనే నిలబడ్డాను, నువ్వు చెయ్యి ఊపావు, అయినా లోపల కూర్చున్నదానివి నీకు సగమే కనిపించి ఉంటుంది. మిగతా సగం నేను చెబుతాను.

దర్జీ గారు నూనె సీసా తలకిందులు చేసి పట్టుకుని నిలబడ్డారు. ఒక్క బొట్టు రాలింది. గోడౌన్ గారు నీ తలుపు వైపు చూశారు. "నూనె ఇల్లు మూసేశారట కదా" అన్నారు. గొంతులో జాలి కూడా ఉంది, అదే భరించలేకపోయాను.

"రెండో నూనె ఇల్లు ఉందండి" అన్నాను.

అప్పుడు థర్మామీటరు మేడ మీదనుంచి, "చేతులు కడుక్కుని ఒక్కొక్కరే పైకి రండి" అంది. అధ్యక్షురాలు కూడా చేతులు కడుక్కుని ఎక్కారు. అమ్మమ్మా, మంచం కింద డబ్బాలు. మంచం పక్కన డబ్బాలు. కుట్టుమిషను మీద డబ్బాలు. స్నానాల గది తలుపు సగమే తెరుచుకుంటోంది.

"ఇంత ఎందుకమ్మా?" అన్నారు అధ్యక్షురాలు.

"ఎదురింటావిడ మీద నాకు నమ్మకం లేదండి. ఎలాగూ ఎగ్గొడుతుందని ఆమె వంతు కూడా నేనే పెట్టాను."

అధ్యక్షురాలు ఆ గుమ్మంలోనే గోడకి ఆనుకుని నవ్వారు. కిందికి వచ్చాక వేయించిన బంగాళాదుంపలు రెండోసారి అడిగి వేయించుకున్నారు. గోడౌన్ గారు మూడోసారి. "ఉప్పు సరిపోయిందా సార్?" అని డ్రైవరు అడిగితే ఆయన నావైపు చూడకుండా "సరిపోయింది" అన్నారు. "నాది మెత్తటిదండి" అన్నాడు డ్రైవరు. "రుచి రాళ్ళదండి" అన్నారు మాస్టారు, ఆ చివరనుంచి.

నీకు ఎలా ఉంది? మింగగలుగుతున్నావా?

ఉడుత


మూడో అంతస్తు, ఇంకా మూసిన తలుపే.

ఉడుతకు,

నా మీద నమ్మకం లేదందా. ఎంత పొగరు. నా అటక మీద ఆమె వంతు నూనె కూడా ఉందని వెళ్ళి చెప్పు. నేనూ అదే అనుకున్నాను మరి.

మింగగలుగుతున్నాను. బాల్కనీల మధ్య బట్టలారేసుకునే తాడు ఉంది చూడు, చెరొక చివర కప్పీతో. దానికి బుట్ట కట్టి జావ పంపుతోంది, మూడు పూటలా. మొదటి రోజు బుట్టలో చీటీ వచ్చింది, "మింగండి" అని. రెండో రోజు, "వెక్కిరింపుగా చూడకండి, మింగండి" అని. దాని మీదే జవాబు రాసి పంపించేదాన్ని. ఆమె మాత్రం చీటీలు మానేసి బాల్కనీలో కుర్చీ వేసుకుని మాట్లాడ్డం మొదలుపెట్టింది. నేను జవాబు చెప్పలేను కదా, జీవితంలో మొదటిసారి ఆమె మాట పూర్తిగా విన్నాను. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ కబుర్లు. డాక్టర్లని ఎలా అదిలించేదో. నవ్వితే దవడ నొప్పి. ఆపమని చెయ్యి ఊపితే ఇంకా చెప్పేది.

ఒక సంగతి. మన పాత పిల్లి మనవరాలు ఇప్పుడు ఈ వీధిని ఏలుతోంది. నిన్న అది తాడు మీద నడుస్తూ మధ్యలో భయపడి ఆగిపోయింది. ఎదురు బాల్కనీలోంచి ఆమె చేతులు చాపి పిలిచింది. "సున్నా, రా అమ్మా. సున్నా."

నేను చీటీ మీద "దూదికి పాలు పొయ్యండి" అని రాసి, బుట్టలో వేసి లాగాను.

అంతే. ఇందులో ఇంక రాయడానికేమీ లేదు.

మీ అమ్మమ్మ


కొత్త గది, కిటికీ ఉంది.

అమ్మమ్మా,

గెలిచాం. కమిటీ నిన్న ఖాయం చేసింది. ముందు పది వీధులు, ఆ తరవాత ఊరంతా. పెద్ద గోడౌన్ కాగితాలు చుట్ట చుట్టి అటకెక్కించారు. నాకు కిటికీ ఉన్న గది ఇచ్చారు. దాంట్లోంచి పాత గోడౌన్ కనిపిస్తుంది, ఎవరి హాస్యమో తెలియదు.

నీ సిద్ధాంతానికి ప్రభుత్వ భాషలో పేరు పెట్టాం. "పరస్పర సంపర్క రహిత జంట నిల్వ గృహములు." నవ్వకు, దవడ జాగ్రత్త.

గోడౌన్ గారు నా గదికి వచ్చి చాలాసేపు కిటికీలోంచి చూశారు. వెళ్ళబోతూ, "మా తోడల్లుడిదీ మా వీధే. పదేళ్ళుగా మాటల్లేవు" అన్నారు. నేను జాబితా తీశాను. "చక్కెర ఎవరికీ ఇవ్వలేదు కదా ఇంకా?" అన్నారు. ఇచ్చేశాను అమ్మమ్మా, వాళ్ళిద్దరికీ చక్కెర ఇచ్చేశాను.

ఒక్క చిక్కు. ఏటా తనిఖీ ఉంటుంది. జంట ఇళ్ళ మధ్య రాకపోకలు లేవని చూస్తారు. మొదటి తనిఖీ మీ వీధికే, ఆదర్శ వీధి కదా. దర్జీ గారు ఫోన్లో నోరు జారారు, నువ్వూ థర్మామీటరూ రోజూ సాయంత్రం ఒకే బాల్కనీలో టీ తాగుతున్నారట. అబద్ధమని చెప్పు.

ఉడుత


బాల్కనీ (నాదే).

ఉడుతకు,

దర్జీ గారికి ఉల్లిపాయలు తరగడం నేర్పాను గాని నోరు కుట్టుకోవడం నేర్పలేకపోయాను.

నిజమే. లెక్కల మనిషిని, తప్పుడు లెక్క చూపించలేను. మేమిద్దరం ఇప్పుడు స్నేహితులం, జంటగా పనికిరాం. అందుకే నా నూనె వేరే ఇంటికి మారుద్దామని శత్రువు కోసం వీధంతా గాలించాను. ఏమని చెప్పను. ఆ వారం అందరూ ఒకే బల్ల మీద తిన్నారా, జగడాలన్నీ మాసిపోయాయి. డ్రైవరు పొద్దున వయొలిన్ వినపడకపోతే నిద్ర పట్టడం లేదంటున్నాడు. ఆయన రాళ్ళుప్పూ ఈయన మెత్తటుప్పూ కలిపి ఒకే జాడీలో పోసుకున్నారు. సబ్బు ఇళ్ళు రెండూ వియ్యమందే ఆలోచనలో ఉన్నాయి. అన్ని సరుకులూ నిలవ చేశాం, జగడాలు నిలవ చెయ్యడం మరిచిపోయాం. వీధికి జగడాల కరువొచ్చిందని మీ కమిటీకి రాయి. పక్క వీధితో జంట కడితే బాగుంటుందని కూడా రాయి. వాళ్ళ వీధిలో మాకు పడేవాళ్ళు ఒక్కరూ లేరు, దేవుడి దయ.

అది తేలేదాకా ఏదో అంటురోగం పేరు చెప్పి తనిఖీ వాళ్ళని ఆపలేరా అని నిన్న ఆమెని అడిగాను. "పిచ్చి ప్రశ్నలు వెయ్యకండి, జావ తాగండి" అంది. నాకు దవడ తగ్గి వారమైంది, ఇంకా జావే. దీంట్లో ఉప్పు ఎక్కువైందన్నాను. ఉన్న మాటే అన్నాను. నోరు బాగుపడ్డాక నేను ఆమెతో అన్న మొదటి ఉన్న మాట అదే.

గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. బుట్ట విప్పేసింది. పొద్దుటినుంచి అటువైపు తలుపు వేసే ఉంది. పిల్లిని కూడా లోపలే పెట్టుకుంది, "దూదీ" అని నాకు వినపడేలా పిలుస్తోంది.

రేపు పొద్దున్నే తనిఖీకి రమ్మను. సాయంత్రం టీ వేళ దాకా నగరానికి ఢోకా లేదు.

మీ అమ్మమ్మ